పద్యం కింద బడి పేరు

పెట్టొచ్చా, పెట్టకూడదా

కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు టీచర్లు ఈ మధ్య నన్ను కలిసినప్పుడు పాఠం ఎలా చెప్పాలని అడగడం లేదు. "సార్, ఫేస్‌బుక్కులో పేరు పక్కన తెలుగు టీచరని రాసుకోవచ్చా? పాఠాలు వీడియో తీసి పెట్టొచ్చా? పెడితే ఎవరైనా ఏమైనా అంటారా?" అని అడుగుతున్నారు.

అంటారు. తప్పకుండా అంటారు. లెక్కల టీచరు బోర్డు మీద లెక్క సరిగ్గా చేస్తే చాలు, ఏ యాసలో చేశాడని ఎవరూ అడగరు. తెలుగు టీచరు నోరు తెరిస్తే చాలు, ఊరంతా పరీక్షాధికారులే. పెళ్ళికి వెళ్తే శుభలేఖ చేతికిచ్చి తప్పులు పట్టమంటారు. సంతాప సభలో మైకిచ్చి ఓ పద్యం అందుకోమంటారు. మన ఉద్యోగం సాయంత్రం గంట కొట్టగానే అయిపోయేది కాదు, నాలుక ఉన్నంతసేపూ ఉంటుంది. ఇప్పుడు దానికి ఫోను తోడయింది.

నేను ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే పనిచేశాను. గోరంట్లలో మొదలుపెట్టి, తాడిపత్రిలో బండల దుమ్ము తిని, రాయదుర్గం పక్కన రిటైరయ్యాను. ఏ ఏడు ఏ స్కేలు వచ్చిందో చెప్పి మీకు విసుగు తెప్పించను. ఇద్దరు మనుషుల గురించి చెబుతాను. ఒకరు నాకు పాఠం చెప్పడం నేర్పిన హెడ్మాస్టరు. ఇంకొకరు గంగరత్న అనే తెలుగు టీచరు, నాకంటే చాలా చిన్నది. పెట్టొచ్చా అన్న ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఆమె నుంచి వచ్చిందే.

గోడకు చెప్పిన పాఠం

గోరంట్లలో చేరిన కొత్తలో నేను తరగతిలో రేడియో వార్తలు చదివినట్టు మాట్లాడేవాణ్ణి. కాలేజీలో అలాగే తయారుచేసి పంపారు మమ్మల్ని. మా హెడ్మాస్టరు ఒకరోజు కిటికీ బయట నిలబడి కాసేపు విన్నారు. పీరియడు అయ్యాక పిలిచారు.

"ఏమప్పా తిప్పేస్వామీ, లోపల ఎవరికి పాఠం చెప్తాండావు?"

"పిల్లలకే సార్."

"పిల్లోళ్ళు కిటికీలోంచి నన్ను చూస్తాండారు. నువ్వు గోడకు చెప్తాండావు. ఇంట్లో మీ నాయనతో ఇట్లనే మాట్లాడతావా?"

"లేదు సార్."

"మరి ఈళ్ళేం పాపం చేసినారు?"

మాట మొరటుగా ఉన్నా మనిషి గట్టివాడు. మరుసటి రోజు నుంచి ఆయనే నా తరగతిలో వెనక బెంచీ మీద కూర్చునేవారు. పిల్లవాడికి ఇంట్లో తెలిసిన మాటతో తలుపు తీయి, లోపలికి వచ్చాక పుస్తకం మాట చేతిలో పెట్టు, రెండూ చెయ్యి, ఒకటి చేసి వదిలెయ్యకు అని నేర్పారు. యాసలో కబుర్లు చెప్పి అక్కడే ఆగిపోయే టీచరు కూడా పిల్లలకు అన్యాయం చేసినట్టేనని ఆయన అభిప్రాయం. నా అభిప్రాయం కూడా అదే. పైవాళ్ళు చాలామందిని చూశాను గాని, నా తరగతిలో కూర్చుని నన్ను బాగుచేసింది ఆయనొక్కరే.

బిరుదుల గుంపు

ఫోన్లు వచ్చాక మా చుట్టుపక్కల మండలాల తెలుగు టీచర్లం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. పెట్టింది సుదర్శనం. నాతోపాటే ఉద్యోగంలో చేరినవాడు, అప్పటికప్పుడు పద్యం చెప్పగలవాడు, నాకు మంచి స్నేహితుడు. ఆదివారం పొద్దున ఆయన ఒక సమస్య ఇస్తాడు. అంటే పద్యం చివరి పాదం మాత్రం ఇస్తాడు, ముందు పాదాలు మనం పూరించాలి. సాయంత్రానికల్లా పద్యాలు వచ్చి పడతాయి. ఏది బాగుందో తేల్చే పని నాది. నాకు వేగంగా రాయడం చేతకాదు కాబట్టి తీర్పరిని చేశారు. గెలిచిన పద్యాన్ని రాసినవాళ్ళు తర్వాతి సమావేశంలో లేచి నిలబడి చదవాలి. అది మా ఆనవాయితీ.

ఇంకో ఆనవాయితీ కూడా ఉండేది. గ్రూపులో దాదాపు ఎవరూ సొంత పేరుతో ఉండరు. ఒకాయన పద్యప్రియ. ఒకామె తెలుగువెన్నెల. సుదర్శనం కవితాకుటీరం. ఫోటో ఉండాల్సిన చోట తాళపత్రమో, నెమలీకో, ఘంటమో. పొద్దున ప్రార్థనలో వరుస తప్పిన పిల్లాడి చెవి మెలిపెట్టిన మనిషే ఇంటర్వెల్లులో కవితాకుటీరం అయిపోతాడు. నాకు బిరుదిచ్చేవాళ్ళు ఎవరూ దొరకలేదు కాబట్టి తిప్పేస్వామిగానే ఉండిపోయాను. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదనే అనుకునేవాణ్ణి. రోజంతా గొంతు చించుకునే మనిషి ఆదివారం కాస్త అలంకరించుకుంటే ఎవరికేం నష్టం?

గంగరత్న

పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపులో గంగరత్న నా పక్క బల్ల దగ్గర కూర్చునేది. ఒక పాప జవాబు గైడులో ఉన్నట్టు కాకుండా తన సొంత మాటల్లో, ఇంటి మాటల్లో రాసింది. పైనున్న పరిశీలకుడు సగం మార్కులు కోసేశాడు. గంగరత్న లేచి నిలబడింది.

"గైడు బట్టీ కొట్టినోళ్ళకు ఫుల్లు మార్కులు, సొంతంగా ఆలోచించినదానికి సగమా సార్? ఇదేం న్యాయం?"

"కూర్చోమ్మా" అన్నాడాయన. ఆమె కూర్చోలేదు. ఆ మార్కులు వేయించాకే కూర్చుంది. ఈమె నిలబడుతుందిలే అనుకున్నాను.

ఆమెది గుమ్మఘట్ట మండలంలోని పల్లె. నాయన హనుమంతప్ప మేకలు కాస్తాడు. ఆ ఇంట్లో బడి గడప దాటి పై చదువుకు పోయిన మొదటి మనిషి ఆమే. సొంత మండలంలోనే ఒక హైస్కూల్లో తెలుగు టీచరు. అక్కడి పిల్లల్లో సగం మంది ఇంట్లో కన్నడం మాట్లాడతారు. వానలు లేని ఏడు పంట పోతే తల్లిదండ్రులు బెంగళూరు పనులకు పోతారు, పిల్లల్ని కూడా తీసుకుపోతారు. అలా పోయిన పిల్లలకు పాఠం తప్పిపోకూడదని ఆమె యూట్యూబులో వీడియోలు పెట్టడం మొదలుపెట్టింది. పిల్లల ముఖాలు ఎక్కడా చూపించేది కాదు, తను, బోర్డు, అంతే. ప్రతి వీడియో కింద తన పేరు, తెలుగు టీచరని, తన బడి పేరు, ఊరి పేరు రాసేది. కట్టడాల పనికిపోయిన పిల్లలు అక్కడి షెడ్లలో కూర్చుని ఆమె పాఠం వినేవాళ్ళు. ఒకరిద్దరు ఆ పాఠాలతోనే వచ్చి పరీక్ష రాశారు కూడా.

మేకల సమస్య

ఒక పద్యం పాఠం మొదట్లో ఆమె "ఒరే, యాడ చూస్తాండారు? ఈడ చూడండి. ఈ కవి ఏమంటాండాడంటే" అని మొదలుపెట్టింది. ఆ తర్వాత పుస్తకం మాటలోకి వచ్చి, ప్రతిపదార్థం చెప్పి, తాత్పర్యం రాయించింది. మా హెడ్మాస్టరు ఉండుంటే భుజం తట్టేవారు. కానీ ఎవడో ఆ మొదటి ముక్క మాత్రం కోసి, "ఈమె తెలుగు టీచరట" అని నవ్వే బొమ్మలు తగిలించి వదిలాడు. అది ఫోను నుంచి ఫోనుకు తిరిగి మా గ్రూపుకు వచ్చింది.

ఆ ఆదివారం సుదర్శనం దాని మీదే సమస్య ఇచ్చాడు. ఈ అమ్మ పాఠం చెబితే మేకలు సైతం కవిత్వం చెబుతాయని ఆ పాదానికి అర్థం. మొదటి పూరణ కూడా ఆయనే పెట్టాడు. ఇక చూడండి. వారమంతా నిద్రపోయే గ్రూపు ఒక్కసారిగా లేచింది. యతి కుదిరిందని ఒకరు, ప్రాస అదిరిందని ఇంకొకరు, చప్పట్లు, పూలగుత్తులు. మామూలు జనం అయితే ఆ ముక్క చూసి ఓసారి నవ్వి మరిచిపోతారు. మేం పద్యాలు కట్టాం. ఛందస్సు మోజులో పడితే పద్యం లోపల ఒక మనిషి ఉందని కనబడదు. ఇలాంటి పొరపాటు మా వాళ్ళే చేయగలరు.

ఆ పద్యాల మధ్యలో ఒక చిన్న గీత కనబడింది. గంగరత్న గ్రూపు నుంచి వైదొలిగారు అని. ఆమె మొదటి నుంచీ ఆ గ్రూపులోనే ఉంది. సొంత పేరుతోనే ఉంది. ఎప్పుడూ ఏమీ రాయదు కాబట్టి ఉన్నట్టు ఎవరికీ గుర్తు లేదు. ఆ గీత కింద వెంటనే ఇంకో పద్యం వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

సోమవారం నా తీర్పు కోసం అడగడం మొదలుపెట్టారు. నేను ఏమీ రాయకుండా, మధ్యాహ్నం సెలవు పెట్టి, రాయదుర్గంలో బస్సెక్కి ఆమె బడికి పోయాను.

బాగున్న పద్యాలు

ఆమె వరండాలో కూర్చుని ఆరో తరగతి కాపీలు దిద్దుతోంది. అప్పటికే ఆ పద్యాల ఫోటోలు ఆ ఊరి తల్లిదండ్రుల గ్రూపులోకి చేరాయి. తెలుగు పండితులే ఇట్లంటాంటే ఈమె దగ్గర మా పిల్లోళ్ళు ఏం నేర్చుకుంటారని ఇద్దరు ముగ్గురు పొద్దున్నే వచ్చి గొడవ చేశారు. వాళ్ళ హెడ్మాస్టరు భయపడి పదో తరగతి తెలుగు ఆమె నుంచి తీసేసి సోషల్ సార్‌ని చూసుకోమన్నాడు. ఆమె తన వీడియోలన్నీ మూసేసింది.

"మూసేస్తే ఎట్లమ్మా? బెంగళూరులో ఉండే పిల్లోళ్ళు ఏం కావాల?" అన్నాను.

"నా గొంతు వినబడకుండా అక్షరాలు మాత్రం పెడతా సార్. పేరు కూడా వేరే పెట్టుకుంటా. మీ వాళ్ళందరికీ ఉండాయి గదా పేర్లు."

దిద్దిన కాపీ పక్కన పెట్టి ఆమే మళ్ళీ అంది.

"పద్యాలు బాగుండాయి సార్. అదే నాకు బాధ. ఒక్కరన్నా గణం తప్పింటే నవ్వుకొని ఊరుకుందును. అంత బాగా రాసేదానికి నేనే దొరికినానా? మా నాయన మేకలు కాస్తాడని వాళ్ళకెవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. తెలీకనే రాసినారు."

"తెలీక రాసినా ఆయన మీదనే పడింది గదా సార్."

  అప్పుడు ఆమెను ఒకటి అడిగాను. చుట్టుపక్కల బడుల తెలుగు టీచర్లం నెలకోసారి కలిసే కాంప్లెక్స్ సమావేశం మర్నాడు వాళ్ళ బడిలోనే జరగాలి. ప్రతి సమావేశంలో ఎవరో ఒకరు నిజం పిల్లలను కూర్చోబెట్టి, మిగతా టీచర్లు చూస్తుండగా మాదిరి పాఠం చెప్పాలి. అది నువ్వు చెప్పు, పదో తరగతికి చెప్పు అన్నాను.

"ఫోన్లో నవ్వినోళ్ళు ఎదురుగా నవ్వరా సార్?"

"నవ్వనీ. అప్పుడు మొహాలన్నా కనబడతాయి నీకు."

ఆమె ఎర్రసిరా పెన్ను మూత పెట్టింది. "సరే సార్, చెప్తా" అంది.

హెడ్మాస్టరును ఒప్పించడానికి నాకు రెండు టీలు, చాలా ఓపిక పట్టాయి. పాఠం బాగోలేకపోతే పదో తరగతి సంగతి ఇక ఎత్తకూడదని ఆయన షరతు పెట్టాడు. ఒప్పుకున్నాను. అంటే ఆమె తరగతి ఉంటుందా పోతుందా అన్నది ఆ ఒక్క పాఠం మీదే నిలిచింది. ఆ మాట ఆమెకు కూడా చెప్పాను, దాచలేదు.

ఇంటికొచ్చి గ్రూపులో రాశాను. తీర్పు ఫోన్లో చెప్పను, సమావేశంలో చెబుతాను, గెలిచినవాళ్ళు అక్కడే చదవాలని. నిమిషం కూడా కాలేదు, సుదర్శనం ఫోన్ చేశాడు.

"ఏమప్పా తిప్పేస్వామీ, సరదాకు రాసినదానికి ఇంత రాద్ధాంతమా?"

"సరదానే అయితే ఆ పిల్ల ఎదురుగా చదువుదాం రాప్పా. ఆమె కూడా నవ్వుతాది."

ఆయన ఫోను పెట్టేశాడు.

మాదిరి పాఠం

సమావేశానికి సుదర్శనంతో సహా అందరూ వచ్చారు. పదో తరగతి పిల్లలు ముందు బెంచీల్లో, మేం వెనక. గంగరత్న లోపలికి వచ్చి, మా వైపు చూడకుండా పిల్లల వైపు తిరిగింది. ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో రేడియో తెలుగు ఎత్తుకుంటుందేమోనని నేను భయపడ్డాను. అలా చేసుంటే వెనకున్నవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు, పిల్లలు కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు.

"ఒరే, మనం యాడ నిలిపినాం?" అంది.

"కరువు కాడ మేడమ్!" అన్నారు పిల్లలు.

కరువు మీద పద్యం అది. చెరువు నెర్రెలిచ్చిందని కవి ఎందుకన్నాడో చెప్పమంది. ఒక పాప లేచి, వాళ్ళ చెరువులో క్రికెట్ ఆడుకుంటామని చెప్పింది. అందరూ నవ్వారు. నవ్వు సద్దుమణిగాక గంగరత్న ఆ మాటనే పట్టుకుని, చెరువు ఆటస్థలం అయిపోయిన ఊరిని ఒక్క వాక్యంలో రాయమంది. ఇంటి మాటలో మొదలైన వాక్యాన్ని పిల్లలే దిద్దుకుంటూ పుస్తకం మాటలోకి తెచ్చారు. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లాడొకడు మంచి వాక్యం చెప్పాడు. అప్పుడు పద్యం ఎత్తుకుంది. రాగం గొప్పది కాదు. కానీ పద్యంలో చెప్పింది తమ ఊరి గురించేనని ఆ పిల్లలకు అర్థమైంది. వెనక బెంచీల్లో ఎవరూ నవ్వలేదు. వాళ్ళ హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడే విన్నాడు.

పిల్లలు వెళ్ళిపోయాక నేను లేచాను.

"తీర్పు చెప్తా. అన్నిట్లోకీ సుదర్శనం పద్యం బాగుంది. ఆనవాయితీ ప్రకారం లేచి చదువప్పా."

సుదర్శనం లేచాడు. ఫోను తీశాడు. మొదటి పాదం చదివాడు. రెండో పాదం సగంలో ఆగి, ఎదురుగా ఉన్న గంగరత్నను చూశాడు. చేతికి సుద్దపొడి అంటుకుని ఉంది ఆమెకు.

"ఇది ఈడ చదివేది కాదప్పా" అన్నాడు నాతో. తర్వాత ఆమెతో, "గ్రూపులోంచి తీసేస్తానమ్మా, ఇప్పుడే తీసేస్తా" అన్నాడు.

గంగరత్న లేచి నిలబడింది. క్యాంపులో నిలబడినట్టే నిలబడింది.

"తీసేయొద్దు సార్. తీసేస్తే ఏమీ జరగలేదన్నట్టు అయితాది. దాని కింద మీ పేరు రాయండి. మీ బడి పేరు, ఊరి పేరు రాయండి. నేను నా పాఠం కింద రాసుకుంటా గదా, అట్ల. మీరే గాదు, రాసినోళ్ళందరూ రాయండి."

 బడి పేరు రాస్తే ఆ బడి పిల్లలు చదువుతారు. వాళ్ళ తల్లిదండ్రులు చదువుతారు. మా సార్ మేకల పద్యం కట్టి ఇంకో టీచరమ్మను ఎగతాళి చేశాడని ఊరంతా తెలుస్తుంది. కవితాకుటీరానికి ఏ ఊరూ లేదు, ఏ బడీ లేదు, అందుకే ఏమైనా రాయగలిగింది. ఒక్కొక్కరే తలలు వంచుకుని ఫోన్లు తీశారు. గ్రూపులో పద్యాలు ఒకటొకటే మాయమవడం నా ఫోన్లో చూశాను. ఒక్కరు కూడా పేరు రాయలేదు.

సుదర్శనం ఒక్కడే రాశాడు. చాలాసేపు పట్టింది. పద్యం కింద తన అసలు పేరు, బడి పేరు, ఊరు, మండలం రాశాడు. దాని కింద ఇంకో వాక్యం రాశాడు. ఈ పద్యం నాతోటి ఉపాధ్యాయురాలి మీద నేను రాసింది, ఇందులో నవ్వాల్సింది ఏదైనా ఉంటే అది నేనే అని. రాసి ఫోను జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు ఆయన బడిలో ఏం ఎదుర్కొన్నాడో నాకు తెలుసు, అది ఆయన చెప్పుకోవాల్సిన సంగతి. మా స్నేహం మాత్రం ఆ రోజుతో ఇంకా గట్టిపడింది.

ఏం రాయాలి, ఏం రాయకూడదు

నన్ను అడిగే పిల్లలకు నేను చెప్పేది ఇదే. పెట్టండి. దాక్కోకండి. మీ పేరూ మీ బడి పేరూ కింద రాయగలిగింది ఏదైనా పెట్టండి. రాయలేనిది పెట్టకండి, అది ఎంత అందమైన పద్యమైనా సరే. మీ యాసకు సిగ్గుపడకండి, దాని దగ్గరే ఆగిపోకండి. ఎవరో కోసిన ముక్క చూసి ఇంకో టీచరు మీద తీర్పులు చెప్పకండి, పాఠం మొత్తం చూడండి. గ్రూపులో మాట్లాడనివాళ్ళు లేనివాళ్ళు కారు. మనల్ని జనం మన నోటితోనే కొలుస్తారు, ఆ కొలత నుంచి తప్పించుకోలేం. అలాంటప్పుడు మన నోరు మనదేనని ఒప్పుకుని నిలబడటం మంచిది. బిరుదులు కావాలంటే రిటైరయ్యాక పెట్టుకోండి, నాకైతే ఇంకా ఎవరూ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం అందరూ బస్సులకు వెళ్ళిపోయాక హెడ్మాస్టరు గంగరత్న దగ్గరికి వచ్చాడు. "పదో తరగతి మీరే చూసుకోండి మేడమ్. కానీ ఆ వీడియోలు మాత్రం వద్దులెండి, మళ్ళీ ఎందుకు గొడవ" అన్నాడు.

"తరగతి ఒకటే అయితే నాకు వద్దు సార్" అంది ఆమె. "బెంగళూరుకు పోయినోళ్ళు కూడా నా తరగతే."

ఆయన నా వైపు చూశాడు. నేను ఆమె వైపు చూశాను. చివరికి ఆయన తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, "పొయ్యేటప్పుడు గది తాళం వేసుకోండి" అని వెళ్ళిపోయాడు.

ఆమె తన ఫోను నా చేతికిచ్చింది. నాకు వీడియో తీయడం రాదంటే, ఎక్కడ నొక్కాలో చూపించింది. బోర్డు తుడిచి, తేదీ వేసి, కొంగుతో చేతులు తుడుచుకుని ఎదురుగా నిలబడింది.

"నేను గంగరత్న. ఈ బడిలో తెలుగు టీచరును. మేకలు కాసే హనుమంతప్ప కూతురును. ఒరే, యాడుండారో ఆడనే కూర్చోండి, పుస్తకాలు తీయండి. నవ్వేటోళ్ళు నవ్వుకోండి, పాఠం మాత్రం నేను ఆపను."